వీధికి వీపు

జూన్ 6

వదినా,

బస్సు దిగేసరికి వాన పట్టుకుంది. గొడుగు మన తలుపు వెనకే వదిలేశానని అప్పుడు తట్టింది. తడిసి ముద్దై చెల్లెలి కొట్టుకి చేరాను. అది మంచం మీద కాలు చాపుకుని, ఆ కాలికున్న పిండికట్టు మీద పెన్సిలుతో ఎవరిదో చొక్కా కొలతలు రాసుకుంటోంది. నన్ను చూసి, "వచ్చావా అక్కా, ముందు ఆ బొత్తాలు కుట్టెయ్. ఆ చొక్కా ఆయన పొద్దుటి నుంచి తిరుగుతున్నాడు" అంది. తల తుడుచుకోనివ్వలేదు. మా పుట్టింటివాళ్లకి మర్యాద చేసే తీరిక ఉండదని నీ తమ్ముడు బతికున్న రోజుల్లో అనేవాడు. నాకు కోపం తెప్పించిన మాటే గాని అబద్ధం కాదు.

ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. మధ్యలో ఒక తెర. కుట్టుమిషన్ కిటికీ పక్కన ఉంది. నేలంతా కత్తిరింపులే, ఎంత ఊడ్చినా కాళ్లకి దారాలు చుట్టుకుంటున్నాయి. కట్టు విప్పడానికి నెల పైన పడుతుందట. ఆ తర్వాత కర్ర పట్టుకుని నడకట. అందాకా నేను ఉండక తప్పదు.

నర్సుగారి బొంత నావల్ల ఆగకూడదు. మన ఊళ్లో సగంమందిని భూమ్మీదకి తెచ్చిన మనిషి. డిసెంబర్లో ఆవిడ ఉద్యోగం దిగేలోగా, ఆవిడకి తెలియకుండా, ఇంటింటి నుంచీ వచ్చిన గుడ్డలన్నీ ఒక్క బొంత కావాలని అనుకున్నాం. నా చోట ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. పని ముఖ్యం.

ఫోన్ చెయ్యొద్దు. నీ ఫోన్ మోగితే నీకంటే ముందు పక్కింటి రేడియో ఎత్తుతుంది. నేను నీకు దగ్గానని చెబితే, నాకు ఆపరేషనని ఊరంతా చెప్పుకుంటుంది. కాగితం మీద రాయి.

రెండు పూటలా మందులు వేసుకో. డబ్బా పప్పుల డబ్బా వెనక పెట్టకు, కనబడదు.

నీ మరదలు

జూన్ 13

మరదలు పిల్లకి,

గొడుగు తలుపు వెనకే ఉంది. నీలాగే మొండిది, ఎంత మూసినా సగం తెరుచుకునే ఉంటుంది. మీ చెల్లెలికి కాలు విరిగింది గాని నోరు విరగలేదన్నమాట. సంతోషం. నోరు బాగుంటే మనిషి బాగున్నట్టే.

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ చోట డిపో ఆవిడని కూర్చోబెట్టాను. నీకు తెలియదు, పంతులమ్మ ఇంట్లో కొత్తగా అద్దెకి దిగింది. బస్సు డిపోలో టిక్కెట్ల లెక్కలు చూసి రిటైరైన మనిషి. కుట్టు సన్నం, చెయ్యి వేగం, మాట తక్కువ. రేడియో ఊరుకోదు కదా, "మీవారేం చేసేవారండీ" అని అడిగింది. "పోయారు" అంది ఆవిడ. "అది కాదండీ, పోకముందు?" అంది ఇది. "ఉన్నారు" అంది ఆవిడ. రేడియో ఆ పూటకి ఇంకో స్టేషన్ చూసుకుంది.

మొన్న నర్సు పాలకేంద్రం వైపు వెళ్లాల్సింది, ఎందుకో ఇటు తిరిగింది. బొంత వరండా అంతా పరిచి ఉంది. చాప తెచ్చి మీద పరిచాం. చాప మీద ఏదో ఒకటి ఉండాలి కదా, రేడియోని పడుకోబెట్టాం. "ఏమైందమ్మా దీనికి" అంటూ నర్సు గుమ్మంలోకి వచ్చేసింది. పంతులమ్మ తడుముకోకుండా "జ్వరం" అంది. నర్సు ఊరుకునే మనిషా. సంచీ తెరిచి నడుం మీద సూది పొడిచి మరీ వెళ్లింది. బలానికట, హాని లేదు. రేడియో మూలుగు నిజం మూలుగే. చాలా రోజుల తర్వాత కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. డిపో ఆవిడ కూడా నవ్వింది. పై పన్ను ఒకటి లేదని అప్పుడు తెలిసింది.

నువ్వు లేవని పని ఆగలేదులే, బెంగ పెట్టుకోకు. ఇంతకుముందు కంటే ఒకటి రెండు వరసలు ఎక్కువే పడుతున్నాయి. నువ్వెప్పుడొస్తావని పంతులమ్మ అడిగింది. నాకేం తెలుసన్నాను.

మందులు వేసుకుంటున్నాను. అబద్ధం ఎందుకు, ఒక్క పూట మానేశాను.

నీ వదిన

జూన్ 21

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. అందరూ బాగా నవ్వుకున్నారని తెలిసి సంతోషం. డిపో ఆవిడ కుట్టు సన్నంగా ఉందని రాశారు. మంచిది. నా కుట్టు ఏటవాలుగా పోతోందని ఇన్నేళ్లూ మీరు అంటుండేవారు. ఆ బాధ తీరింది.

ఇక్కడ పని బాగా ఉంది. బళ్లు తెరిచారు, యూనిఫాంలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. ఇక్కడి కత్తెర్లన్నీ కుడిచేతివాళ్లవి. నా బొటనవేలు కాయ కాసింది. నా ఎడమచేతి కత్తెర వంటగది మేకుకి తగిలించి ఉంటుంది. వీలు చూసుకుని పార్సిల్లో పంపండి.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మరదలు

జూన్ 28

మరదలు పిల్లకి,

ఈ మీరు ఏమిటి? నాకు తెలిసి నువ్వు నన్ను మీరన్నది రెండుసార్లు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒక వారం, మా తమ్ముడితో పోట్లాడి ఆ కోపం నా మీద చూపించినప్పుడు రెండ్రోజులు. ఇప్పుడు వాడు లేడు, పోట్లాట ఎవరితో?

కత్తెర అడిగావు. నువ్వు ఆ మేకు కొట్టిన దగ్గర్నుంచీ ఆ కత్తెర మన గడప దాటలేదు. పై వీధివాళ్లు పూలమొక్కలు కత్తిరించుకుని ఇస్తామంటే కూడా ఇవ్వలేదు నువ్వు. దాన్నే అడిగావంటే అక్కడ చాలా రోజులు ఉంటావని నాకు అర్థమైంది. అర్థం చేసుకోలేనంత మొద్దుని కాదు. అందుకని కత్తెర ఒక్కటే కాకుండా వేలికి తొడుక్కునే నీ ఇత్తడి టోపీ, సూదుల డబ్బా, దిండు గలీబులు, నీ ఊలు స్వెట్టరు కూడా మూట కట్టించి పంపాను. ఒక్కొక్కటే అడిగే ఇబ్బంది నీకు ఉండకూడదు.

బొంత ఎడమ పక్కకి కొంచెం లాగుతోంది. కొత్త గుడ్డ ఏదైనా కలిసిందేమో, సర్దుకుంటుందిలే.

గుమ్మం ముందు గచ్చు వేయించాను. మేస్త్రీ పొద్దున్న వస్తానని సాయంత్రం వచ్చాడు, సాయంత్రం అంటే మర్నాడు సాయంత్రం. ఆరకముందే రేడియో అడుగు వేసింది. అడుగు అలాగే ఉండిపోయింది. ఇక మన ఇంటికి ఎవరొచ్చి వెళ్లారని అడిగితే చూపించడానికి ఒక గుర్తు ఉంది.

నీ వదిన

జులై 7

వదినా,

మూట అందింది. విప్పి మంచం మీద పరుచుకుని చూశాను. మా చెల్లెలు తెర పక్కకి లాగి, "ఏంటక్కా, ఇల్లు ఖాళీ చేయించారా?" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. తర్వాత కొట్టులోకి వెళ్లి, కుట్టక్కర్లేని గుండీ ఒకటి పీకి మళ్లీ కుట్టాను.

కత్తెర అడిగాను, పంపావు. స్వెట్టరు ఎందుకు పంపావు వదినా? జులై నెలలో ఊలు స్వెట్టరు. చలికాలం కూడా అక్కడే గడుపుకో అనే కదా. ఆ మాట రాస్తే సరిపోయేది. తపాలా ఖర్చు తగ్గేది.

నా చోట ఎవరినైనా కూర్చోబెట్టుకోమని నేనే అన్నాను. మాట వరసకి అన్నాను. నేను మాట వరసకి అన్నవి నువ్వు ఏనాడూ చెయ్యలేదు. ఉప్పు తగ్గించమంటే తగ్గించలేదు, మెట్ల మీద పరిగెత్తొద్దంటే మానలేదు. ఇదొక్కటీ వారం తిరక్కుండా చేశావు.

ఒక సంగతి చెప్పాలి. నేను మొదలుపెట్టిన సంగతి కాదు, అయినా చెబుతున్నాను. పక్కగది ఖాళీ అవుతోంది. దాన్ని కూడా తీసుకుని, రెండో మిషన్ వేసి, నన్ను ఇక్కడే ఉండిపొమ్మంటోంది మా చెల్లెలు. బోర్డు మీద దాని పేరు పక్కన నా పేరు రాయిస్తుందట. ఆగస్టు నెలాఖరులోగా ఇంటివాళ్లకి జవాబు చెప్పాలి. నేనింకా ఏమీ అనలేదు.

రాత్రి పడుకుని ఆలోచిస్తే ఒకటి అనిపించింది. నీ తమ్ముడు పోయాక ఆ ఇంట్లో ఉండమని నన్నెవరూ అనలేదు. పొమ్మని కూడా ఎవరూ అనలేదు. పని ఉంది, ఉన్నాను. అక్కడ పనికి ఉన్నాను, ఇక్కడికీ పనికే వచ్చాను. ఇదేమీ నిష్ఠూరం కాదు. ఉన్నమాట.

ఇక్కడ ఒకాయన ప్యాంటు వదులు చేయించుకోవడానికి ఇది మూడోసారి వచ్చాడు. వచ్చినప్పుడల్లా "కుట్టులో ఏదో తప్పుందమ్మా" అంటాడు. మొన్న మా చెల్లెలు మంచం మీంచే, "కుట్టు మాదేనండీ, పొట్ట మీరు తెచ్చుకున్నది" అంది. ఆయన వెళ్లిపోతాడనుకున్నాను. కూర్చుని మంచినీళ్లు తాగి, ఇంకో ప్యాంటు గుడ్డ ఇచ్చి వెళ్లాడు. మనుషులు మర్యాదకంటే దీనికే వస్తారేమో.

బొంత లాగుతోందన్నావు. పొరలు కదలకుండా ముందు పెద్ద టాకాలు వేసే కుట్టారా? ఏ వరస నుంచి లాగుతోంది?

నీ మరదలు

జులై 15

మరదలు పిల్లకి,

కూర్చోబెట్టమన్నావు, కూర్చోబెట్టాను. నీ మాట విన్న ఒక్కసారీ తప్పయింది. ఇక వినను, నిశ్చింతగా ఉండు.

స్వెట్టరు సంగతి. ఆ కొట్టు నేల చెమ్మ అని నువ్వే లోగడ చెప్పావు. చెమ్మ తగిలితే నీకు దగ్గు. దగ్గు మొదలైతే చలికాలం దాకా పోదు. అందుకని పంపాను. అందులో ఇంకో అర్థం ఉందని నువ్వు రాశాక చదువుకున్నాను. ఉన్నట్టే ఉంది. నేను పెట్టింది కాదు.

బోర్డు మీద పేరంటే మంచిదే. మన గుమ్మానికి బోర్డు లేదు, నీ పేరు ఎక్కడ రాయిస్తాను. నీకు ఎలా బాగుంటే అలా చెయ్యి. నిర్ణయం నీది, మధ్యలో నేనెవరిని.

ఇక్కడ బొంత పరువు తీస్తోంది. పెద్ద టాకాలు వేశాం, నువ్వు పోయేముందు వేసినవే. నువ్వు కుట్టి వెళ్లినంత మేర బల్లపరుపుగా ఉంది. ఆ పైనించి వరస వరసకీ పైగుడ్డ ఎడమకి జరుగుతోంది. ఆ చివర సంచీలాగా ఉబ్బింది. దులిపి పరిస్తే చతురంగా ఉండాల్సింది వంకరగా నిలబడుతోంది, నడుం నొప్పి ఉన్న మనిషిలాగా.

రేడియో దారం మంచిది కాదంటుంది. నీళ్లలో నానబెట్టని గుడ్డ ఏదో కలిసి ఉంటుందని పంతులమ్మ అంటుంది. ఎవరింటి గుడ్డ అని ఒక పూటంతా విచారణ. ఊళ్లో సగం ఇళ్ల పేర్లు వచ్చాయి. నేనేమో, చూస్తూ చూస్తూ, "నువ్వు లాగి కుడుతున్నావమ్మా" అని డిపో ఆవిడనే అనేశాను. ఆవిడ మూడు రోజులు కూర్చుని తన వరసలన్నీ విప్పేసింది. మళ్లీ కుట్టింది, వదులుగా. మళ్లీ ఎడమకే లాగింది. అప్పుడు సూది గుడ్డకి గుచ్చి లేచి నిలబడి, "రేపట్నుంచి నేను రానండి" అంది. ఆ మనిషి నాతో ఒక్కసారి అన్న పెద్దమాట అదే.

"నోరు లేని మనిషిని తరిమేశావు గదే" అని రేడియో నన్ను. "నీ నోరు చూసి పారిపోయింది" అని నేను దాన్ని. పంతులమ్మ మా ఇద్దరికీ గోడ కుర్చీ వెయ్యలేదు గాని, వేసినంత పని చేసింది. రెండ్రోజులు ఎవరూ రాలేదు. బొంత చుట్టి మూల నిలబెట్టాను.

నువ్వుంటే ఇలా అయ్యేది కాదు. ఒకసారి వచ్చి చూసిపోతే బొంత దారికొస్తుంది.

నీ వదిన

జులై 24

వదినా,

బొంత దారికి రావడానికి రమ్మన్నావు. అర్థమైంది.

రానక్కర్లేదు. కారణం తెలిసింది. చెబుతాను, నిదానంగా చదువు.

మొన్న ఒకావిడ పసిపిల్ల పరుపుకి గలీబు అడిగింది, మూడు పొరలు వేసి గళ్లుగా కుట్టాలి. మిషన్ మీద నేను కూర్చున్నాను. ఒక వరస కుట్టి, దారం తెంపి, మళ్లీ మొదలుపెట్టిన అంచు నుంచే ఇంకో వరస. అలా నాలుగు కుట్టానో లేదో మా చెల్లెలు కర్రతో మంచం కోడు మీద టకటకా కొట్టింది. పిండికట్టు విప్పాక కర్ర వచ్చింది దానికి, నడవడం తక్కువ, దేన్నో ఒకదాన్ని కొట్టడం ఎక్కువ. "అక్కా, ఒకే వైపు నుంచి కుట్టుకుంటూ పోతే పైగుడ్డ నడిచిపోతుంది. ఒక వరస ఇటు నుంచి, ఒక వరస అటు నుంచి కుట్టాలి. ఇన్నేళ్లు బొంతలు కుట్టావు, ఈమాత్రం తెలీదా?" అంది.

తెలీదు. నాకు తెలియాల్సిన అవసరం రాలేదు. నువ్వు కుడిచేతిదానివి, కుడి నుంచి ఎడమకి కుడతావు. నేను ఎడమచేతిదాన్ని, ఎడమ నుంచి కుడికి కుడతాను. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఒక వరస నువ్వు, ఒక వరస నేను కుట్టేవాళ్లం. నీ వరస అటు లాగితే నా వరస ఇటు లాగేది. గుడ్డ కదలకుండా ఉండేది. మన బొంతలు బాగా కుదురుతాయని నలుగురూ అంటే మన పనితనమే అనుకున్నాం. పనితనం కాదు, నా చెయ్యి వంకర.

ఇప్పుడు కుట్టేవాళ్లందరూ కుడిచేతివాళ్లే. అందరూ ఒకే వైపు కూర్చుంటారు. ఎందుకు? గోడకి ఆనుకుని కూర్చుంటే ఎదురుగా వీధి కనబడుతుంది. వచ్చేవాళ్లెవరు, పోయేవాళ్లెవరు, ఎవరి సంచీలో ఏముంది. అవతలివైపు కూర్చోవడానికి ఎవరికి మనసొస్తుంది.

కాబట్టి డిపో ఆవిడ తప్పు లేదు. దారం తప్పు లేదు. ఎవరింటి గుడ్డ తప్పూ లేదు. మీలో ఒకరు బొంతకి అవతల, వీధికి వీపు పెట్టి కూర్చోండి. ఎదురుగా కూర్చున్న మనిషి వరస దానంతటదే అటు నుంచి ఇటు వస్తుంది. ఇవతల ఒక వరస, అవతల ఒక వరస. లాగిన వరసలు ఒకటి విడిచి ఒకటి విప్పుకుంటే చాలు, అన్నీ విప్పక్కర్లేదు. ఎడమచేతి మనిషి కూడా అక్కర్లేదు.

ముందు డిపో ఆవిడ ఇంటికి నువ్వే వెళ్లు. రేడియోని పంపకు.

ఇంటివాళ్లు మళ్లీ అడిగారు. ఈ నెల పోతే ఇంకో నెలేగా అని చెల్లెలు వాళ్లకి చెప్పి పంపింది. నన్ను తొందరపెట్టదు. అదే ఇబ్బందిగా ఉంది, తొందరపెడితే కోప్పడి ఏదో ఒకటి చెప్పేదాన్ని.

ఇక అక్కడ నా అవసరం పడదనుకుంటాను.

నీ మరదలు

ఆగస్టు 8

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం వరండాలో అందరికీ చదివి వినిపించాను. మొదటి రెండు ముక్కలూ, చివరి ముక్కా చదవలేదు. అవి నావి.

అంతకుముందే డిపో ఆవిడ ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా, వెళ్లమనకుండా నిలబడింది. "నీ చెయ్యి తప్పు లేదమ్మా, మేమందరం ఒకే పక్క కూర్చోవడం తప్పట" అన్నాను. "డిపోలో కూడా అంతే. అందరూ ఒక పక్కే ఎక్కితే బస్సు ఒరుగుతుంది" అంది. చెప్పులేసుకుని నాతో వచ్చేసింది.

అవతలి పక్క ఎవరు కూర్చోవాలన్న దగ్గర అసలు గొడవ మొదలైంది. "వీధి చూడకుండా కుట్టమంటే నాకు సూది ఎక్కదు. కళ్లు వీధిలో ఉంటేనే నా చేతులు పనిచేస్తాయి" అంది రేడియో. పంతులమ్మ ఏమో, "బోర్డు మీద రాయడానికి పిల్లలకి వీపు పెట్టినప్పుడల్లా వెనకాల ఏదో ఒకటి జరిగేది. ఉద్యోగం దిగిన రోజునే ఒట్టు పెట్టుకున్నాను, ఇక ఎవరికీ వీపు పెట్టనని" అంది. డిపో ఆవిణ్ణి అడగడానికి నాకు మొహం లేదు. పైగా వీధిలో నర్సు వస్తే కనిపెట్టాలి కదా అని రేడియో న్యాయం మాట్లాడింది. సూది పోటు ఇంకా మర్చిపోలేదు.

నేనే లేచి అవతలికి వెళ్లి కూర్చున్నాను. వీధికి వీపు, గోడకి మొహం. ఎదురుగా ఈ ముగ్గురి మొహాలు. ఇన్నేళ్లూ వీళ్ల పక్కన కూర్చున్నానే గాని మొహాలు చూసింది తక్కువ. రేడియోకి గడ్డం కింద పుట్టుమచ్చ ఉంది, నీకు తెలుసా? పంతులమ్మ ప్రతి వరస చివరా పెదవి కొరుక్కుంటుంది. వీధిలో ఏం జరుగుతోందో వీళ్ల కళ్లలో చూసి తెలుసుకుంటున్నాను. పెద్ద నష్టమేమీ లేదు.

మొదటి నాలుగు రోజులు తేడా తెలియలేదు. నీ చెల్లెల్ని కొంచెం తిట్టుకున్నాను కూడా. నిన్న దులిపి పరిచాం. చతురంగా పడింది. నీళ్లు పోస్తే ఎటు పారాలో తెలియక నిలబడిపోయేలా ఉంది. ఇలా సాగితే నర్సుగారి బొంత నవంబరుకల్లా పూర్తవుతుంది.

ఇక నీ అవసరం పడదని రాశావు. నిజమే. బొంతకి నీతో పనిలేదు. ఇంటి పని ఒక్క మనిషికి ఎంతని, అదీ నాకు సరిపోతోంది.

మొన్నటిదాకా నిన్ను ఊరికే రమ్మని రాయలేకపోయాను. రాసిన ఒక్కసారీ బొంత పేరు పెట్టి రాశాను. అలా అయితే నువ్వు బొంత కోసమే అనుకుంటావు. నేనూ అలాగే అనుకుని ఉంటాను. ఇప్పుడు బొంత దారికొచ్చింది, డిపో ఆవిడ ఉంది, సాకుగా చెప్పుకోవడానికి ఏ పనీ మిగల్లేదు. అయినా సాయంత్రం రేడియో ఏదో ఒకటి వాగి వెళ్లాక, అది చేతులు తిప్పినట్టు తిప్పి నీకు చూపించాలని లేచి వంటింట్లోకి వెళ్తున్నాను. వెళ్లాక గుర్తొస్తోంది. గోడకి చూపించి ఏం లాభం.

మా తమ్ముడు పోయాక నిన్ను ఉండమని ఎవరూ అనలేదన్నావు. ఇంట్లో మనిషిని ఇంట్లో ఉండమని ఎవరంటారు? అనాలని నాకు తట్టలేదు. అనకపోతే ఇలా ఉంటుందని కూడా తట్టలేదు. ఇప్పుడు అంటున్నాను. వచ్చి ఉండు. పనికి కాదు. ఊరికే.

మీ చెల్లెలు అడిగిందీ తక్కువది కాదు. అది నీ తోడబుట్టింది, నేను నీకు పెళ్లితో వచ్చినదాన్ని. నువ్వు అక్కడే ఉండిపోతే నాకు కోపం రాదని రాయను. వస్తుంది. కొన్నాళ్లుండి పోతుంది. కోపం పోయాక ఒకసారి బస్సెక్కి వచ్చి, ఆ బోర్డు మీద నీ పేరు సరిగ్గా రాశారో లేదో చూసి వెళ్తాను.

నీ వదిన

ఆగస్టు 16

వదినా,

నీ ఉత్తరం మా చెల్లెలికి చదివి వినిపించాను. చివరి ముక్కలతో సహా. దానికి తెలియకుండా జవాబు రాయడం నాకు బాగోదు.

అది వింటూ చొక్కా కాలరు తిరగేస్తోంది. చదవడం అయ్యాక కూడా తిరగేస్తూనే ఉంది. తర్వాత దారం పళ్లతో తెంపి, "నేను బోర్డు మీద పేరు రాయిస్తానన్నాను, పక్కగది తీసుకుంటానన్నాను, కొత్త మిషన్ అన్నాను. ఆవిడ ఊరికే రమ్మంటోంది. ఊరికే అన్నవాళ్లతో పోటీ పడలేంలే అక్కా" అంది. కర్ర తీసుకుని కొట్టులోకి వెళ్లింది. ఆ రోజు దేన్నీ కొట్టలేదు.

దానికి కోపం వచ్చిందేమో అనుకున్నాను. రాత్రి అన్నం దగ్గర అసలు సంగతి బయటపెట్టింది. పక్కగది పోతేపోయింది గాని, బళ్లు తెరిచే ముందు నెలరోజులు యూనిఫాంలతో తనకి ఊపిరాడదు కాబట్టి ఏటా ఆ నెల నేను ఇక్కడ ఉండాలట. సరేనన్నాను. నిన్ను అడగలేదు. ఆ నెల నీ మందులు నువ్వే చూసుకోవాలి, రేడియో మీద వదలకు. ఇంటివాళ్లకి గది అక్కర్లేదని నిన్న చెప్పేశాం.

ప్యాంటు ఆయనకి నేను వెళ్తున్నానని చెబితే, "మీరు వదులు చేసిందే నయమమ్మా, ఆవిడ వదులు చెయ్యడం తక్కువ, అనడం ఎక్కువ" అన్నాడు. లోపల్నుంచి అది, "వినబడింది" అంది.

శుక్రవారం సాయంత్రం బస్సుకి దిగుతాను. డిపో ఆవిణ్ణి లేపొద్దు. ఆవిడ చోటు ఆవిడదే. నేను ఎక్కడో ఒకచోట సర్దుకుంటాను, లేదా కుట్టకుండా కూర్చుంటాను. ఊరికే అన్నావుగా.

ఒక్క సంగతి. నువ్వు వీధికి వీపు పెట్టి కూర్చుంటే బస్సు దిగిన నన్ను ముందు రేడియో చూస్తుంది, నేను వచ్చానని నీకు దాని నోటి వెంట తెలుస్తుంది. అది నాకిష్టం లేదు. బొంత వంకరపోతే పోయింది, ఆ ఒక్క పూటా ఇటు తిరిగి కూర్చో.

నీ మరదలు